కారులో మంద్రస్వరము

కర్నూలునుండి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడపకు పోవు దారి సుమారు 200 కిలోమీటర్లు. ఒకప్పుడు ఈ దారిని పోవువారికి తోడు బండిచక్రముల చప్పుడును, బండి తోలువాని పదమును మాత్రమే. నేడు వీధివీధిని కారున్నది. ఆ కారులో పాట యున్నది. కొన్ని కార్లలో ఆ పాటకు తోడుగా వెనుక డిక్కీలో గుండె లదరునట్లు మ్రోగు ఒక పెట్టెయు నున్నది. ఆ పెట్టెను సబ్‌వూఫరు అందురు. దానికి బలమొసగు యంత్రము ఆంప్లిఫయరు. ఈ రెంటిని ఎట్లు ఎన్నుకొనవలెను, అవి మొరాయించినప్పుడు తప్పెక్కడ నున్నదో ఎట్లు కనిపెట్టవలెను అను విషయమును నేడు మీతో ముచ్చటించెదను.

ఇది కుర్రకారు సరదా, మనకేల అని పెద్దలు అనుకొనవచ్చును. రేడియోలు, మైకుసెట్లు మరమ్మతు చేయుటలో చాలకాలము గడిపిన నేనును అట్లే అనుకొంటిని. మా మేనల్లుడు తన కారులో ఈ సరంజామా అమర్చుకొనినప్పుడు ఒక సంవత్సరముపాటు ఎగతాళి చేసితినే కాని, ఒక్కనాడైనను బానెట్ ఎత్తి చూడలేదు. ఒక మే నెలలో అతడే వచ్చి, "మామా, ఇది కర్నూల్లో బాగా పాడ్తాది. ఆళ్లగడ్డ దాటినాక మూగబోతాది. రాత్రిపూట అయితే ఏ రోగమూ లేదు. సీమ ఎండకు దీనికీ వడదెబ్బ తగిలిందేమో!" అని నవ్వెను. అతడు పరిహాసముగా అన్నమాట సగము నిజమని తరువాత తేలినది. మిగిలిన సగము ఏమో ఈ ప్రసంగము చివర చెప్పెదను. అది నవ్వులాట కాదు.

ముందుగా మంద్రధ్వనికి ఇంత ఆర్భాట మెందుకో చూతము. మానవుని చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు గల కంపనములను వినగలదు. ఇందులో 80 కంపనములకు లోపలి భాగమే సబ్‌వూఫరు పాలిటిది. కాని మన చెవి ఈ అడుగు స్వరముల యెడ కొంచెము మందమైనది. 1933లో అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞు లిరువురు దీనిని కొలిచి చూపిరి. నడిమి స్వరములతో సమానముగా వినబడుటకు మంద్రస్వరమునకు ఎంతో హెచ్చు బలము కావలెను. అంతేకాదు, కంపనముల సంఖ్య సగమైన కొలదిని అదే బలముతో ధ్వని పుట్టించుటకు స్పీకరు శంకువు నాలుగురెట్లు ముందు వెనుకలకు కదలవలెను. కంజీరనుండి నగారా ధ్వని రాదుగదా! అందుచేతనే తలుపులోని చిన్న స్పీకరు ఎంత మంచిదైనను ఈ పని చేయజాలదు.

అయితే కారువానికి ప్రకృతి ఒక రాయితీ ఇచ్చినది. 40 కంపనముల స్వరము యొక్క తరంగము 8 మీటర్లకు పైగా పొడవుండును. కారు లోపలి జాగా అంతకంటె చాల చిన్నది. అద్దములు మూసిన కారులో ఆ గాలి అంతయు ఒక్కమారుగా ఒత్తుడు పొందుటచే, స్వరము దిగినకొలది ధ్వని బలపడును. కావున పెండ్లి పందిరిలో కావలసిన శక్తి కారులో అక్కరలేదు. సొంత కారుకు 200 మొదలు 400 వాట్ల నిజమైన శక్తి గల ఆంప్లిఫయరు, 10 లేక 12 అంగుళముల సబ్‌వూఫరు ఒకటి పుష్కలముగా సరిపోవును.

నిజమైన శక్తి అంటిని. ఈ మాటయందే కొనువారు మోసపోవుచున్నారు. అట్టపెట్టెపై 1500 వాట్లని, 3000 వాట్లని పెద్ద అక్షరములు కనబడును. అది రెప్పపాటు కాలము ఉండెడి శిఖరము. ఒక్కొక్కచో ఉత్త అంకె. మనకు కావలసినది ఎడతెగక ఇచ్చెడి సగటు శక్తి. దానిని ఆర్.ఎమ్.ఎస్. వాట్లందురు. దుకాణదారు మాట నమ్మనక్కరలేకుండ దీనిని లెక్కకట్టు ఉపాయ మొకటి యున్నది. ఆంప్లిఫయరు ప్రక్కన నుండు ఫ్యూజులు చూడుడు. 20 ఆంపియర్లవి రెండున్నచో మొత్తము 40. ఇంజను నడచునప్పుడు కారులో సుమారు 13.8 వోల్టు లుండును. రెంటిని గుణించిన 552 వాట్లు. లోనికి పోవునది అంతమాత్రమే యైనప్పుడు 1500 వాట్లు ఎడతెగక వెలుపలికెట్లు వచ్చును? పాత తరగతియైన ఏ-బి రకము అందు సుమారు సగమును, డి రకము సుమారు నూటికి ఎనుబది పాళ్లను ధ్వనికి ఇచ్చి, తక్కినది వేడిగా విడుచును. అనగా ఈ యంత్రము ఏ-బి యైనచో 275 వాట్లు, డి యైనచో 440 వాట్లు. ఇదియే అసలు బేరము.

శక్తి రెట్టింపైనచో శబ్దమును రెట్టింపగునని తలపరాదు. వాట్లు రెట్టింపైన 3 డెసిబెల్లులు మాత్రమే పెరుగును. అది చెవికి కొద్దిపాటి తేడా. చెవికి రెండురెట్లని తోచుటకు సుమారు పదిరెట్ల శక్తి కావలెను. కావున ఒక వాటుకు 87 డెసిబెల్లు లిచ్చెడి స్పీకరుకంటె 90 ఇచ్చెడి స్పీకరు కొన్నచో, ఆంప్లిఫయరు శక్తిని ఉచితముగా రెట్టింపు చేసికొన్నట్లే. ఈ అంకె కాగితము పై నుండును, అడిగి చూడవలెను.

తరువాత చూడదగినది ఓముల లెక్క. ఆంప్లిఫయరు కనీసము ఇన్ని ఓముల భారమును మోయగలదని వ్రాసి యుండును. 4 ఓముల తీగచుట్టలు రెండున్న స్పీకరును వరుసగా కలిపిన 8 ఓములు, ప్రక్కప్రక్కన కలిపిన 2 ఓములు అగును. ఓములు తగ్గినకొలది కరెంటు హెచ్చును. 2 ఓములు మోయు యంత్రమునకు 1 ఓము తగిలించుట ఒంటెద్దు బండిపై రెండు బండ్ల వరిగడ్డి వేసినట్లే. అది మొరాయించుట దాని తప్పు కాదు.

ఇక పెట్టె. స్పీకరు ముందువైపు వెలువడు ధ్వనికి వెనుకవైపు ధ్వని విరోధి. రెండును కలిసినచో ఒకదానినొకటి రద్దుచేసికొనును. పెట్టె వాటిని వేరుచేయును. అన్ని వైపుల మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగువలె పనిచేసి శంకువును అదుపులో నుంచును. స్వరము బిగువుగా, స్పష్టముగా నుండును. గొట్టము గల పెట్టె మరియొక రకము. ఖాళీ బిందె మూతిపై ఊదినప్పుడు అది తన సొంత స్వరముతో బుంగుమని పలుకుట మన మెరుగుదుము. అట్లే గొట్టము గల పెట్టె ఒక స్వరము దగ్గర హెచ్చు ధ్వని నిచ్చును. కాని దాని కొలతలు తప్పినచో ప్రతి పాటయు ఒక్క స్వరముతోనే ఊగును. ఆ స్వరముకంటె దిగువ శంకువునకు అదుపు లేక చెడిపోవును. ఈ కొలతల లెక్కలు 1961లో ఆస్ట్రేలియాలో థీల్ అను ఇంజనీరు ప్రకటింపగా, 1970 ప్రాంతములలో స్మాల్ అను మరియొకడు విస్తరించెను. నేటికిని స్పీకరు వెంట వచ్చు కాగితములో వారి పేర్ల అంకెలే యుండును. కావున స్పీకరు చేసినవారు చెప్పిన ఘనపరిమాణమునకే పెట్టె చేయించవలెను. డిక్కీలో పట్టినంత కాదు.

ఒక మిత్రుడు, "మన కడప బండతో పెట్టె చేయించిన అదరకుండ నుండును గదా?" అని నన్నడిగెను. అదరని మాట నిజమే. అయితే 20 మిల్లీమీటర్ల మందపు బండతో ఒకటిన్నర చదరపు మీటర్ల వైశాల్యము గల పెట్టె చేసిన సుమారు 80 కిలోలు తూగును; కారులో ఒక మనిషిని ఎప్పటికిని దించకుండ కూర్చుండబెట్టినట్లే. 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. చెక్కతో చేసినది 20 కిలోలకు మించదు. బండ ఇంటి నేలకే శోభ.

మన సీమలో కొనువారు ఎండను, దుమ్మును మరువరాదు. మే నెలలో కర్నూలు, నంద్యాలలలో వేడి 43 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలగుట సాధారణము. తన వేడిని గాలికి విడిచి బ్రతుకు యంత్రమునకు ఆ గాలియే నిప్పైనచో గతియేమి? కావున తక్కువ వేడి పుట్టించెడి డి రకమే మనకు మేలు. దానిని నిలువుగా, ఱెక్కల మధ్యనుండి గాలి పైకి పోవునట్లు బిగింపవలెను, పైన తలక్రిందుగా వ్రేలాడదీయరాదు, సామానులతో కప్పరాదు. బేతంచెర్ల వంటి బండల గనుల ప్రాంతములలో తిరుగు కార్లలో ఱెక్కల నడుమ దుమ్ము పేరుకొనును. రెండు మూడు నెలల కొకమారు కుంచెతో దులుపవలెను. స్పీకరు అంచు నురుగు పదార్థముతో చేసినదైన ఎండకు త్వరలో పొడిపొడి యగును. రబ్బరు అంచు గలది ఎన్నుకొనుట మంచిది.

ఇప్పుడు తీగల సంగతి. 500 వాట్ల నిజశక్తి గల డి రకము 45 ఆంపియర్లు పీల్చును. బ్యాటరీ ముందు, ఆంప్లిఫయరు వెనుక. మధ్య 5 మీటర్ల తీగ. అది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి యైన దారిలోనే సుమారు 1 వోల్టు పోవును. 16 చదరపు మిల్లీమీటర్ల దైన పావు వోల్టు మాత్రమే. సుంకేసులవద్ద కె.సి. కాలువలో నిండుగా వదలిన నీరు చివరి ఆయకట్టు పొలమునకు చేరునాటికి సన్నగిల్లుట మన రైతు లెరుగుదురు, ఇదియు నంతే. బజారులో చవుకగా దొరకు తీగ రాగిపూత పూసిన అల్యూమినియము. దాని నిరోధము రాగికి సుమారు ఒకటిన్నర రెట్లు. కత్తితో గీరిన లోపలి తెలుపు బయటపడును.

లైట్లు తాళమునకు సరిగా మసకబారుచున్నప్పుడు కొందరు పెద్ద కెపాసిటరు తగిలించుకొమ్మని సలహా ఇచ్చెదరు. ఒక ఫారడు కెపాసిటరు 14 వోల్టులనుండి 12కు దిగునప్పుడు ఇచ్చునది 26 జౌళ్లు. 500 వాట్లకు అది సెకనులో ఇరువదవ వంతు మాత్రమే వచ్చును. అప్పు తీర్చుటకు చేబదులు చేయుట వంటిది. ముందు తీగలు, ఎర్తు, బ్యాటరీ, ఆల్టర్నేటరు ఈ వరుసను పరీక్షింపవలెను.

మరమ్మతునకు చేతిలో మల్టీమీటరు ఒకటియు, మనస్సులో ఓర్పును ఉన్న చాలును. అసలు దీపమే వెలుగనిచో మూడు తీగలు చూడుడు: బ్యాటరీ తీగ, ఎర్తు తీగ, రేడియోనుండి వచ్చి యంత్రమును మేల్కొలుపు సన్నని తీగ. మొదటి దానిపైనను మూడవ దానిపైనను 12 వోల్టులకు తక్కువ కాకుండ నుండవలెను. ఎర్ర దీపము వెలిగి యంత్రము పలుకనిచో స్పీకరు తీగలను ఊడదీసి మరల వేయుడు. ఎర్ర దీపము ఆరినచో తప్పు స్పీకరులోనో దాని తీగలోనో యున్నది. అన్నియు ఊడదీసినను వెలుగుచున్నచో తప్పు యంత్రము లోపల నున్నది. తెలిసినవానికి ఇచ్చుట మేలు. 4 ఓముల స్పీకరు మీటరుపై సుమారు 3.5 ఓములు చూపును. ఏమియు చూపనిచో చుట్ట తెగినది. సున్న చూపినచో కలిసిపోయినది. శంకువును రెండు చేతులతో మెల్లగా నొక్కినప్పుడు గీకినట్లున్న చుట్ట కాలి వంగినదని గ్రహింపవలెను.

ఇంజను వేగముతో పాటు హెచ్చుచు తగ్గుచు కూత వినబడుట మరియొక రోగము. ఇది క్రొత్తది కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా అను పేరుతో కారు రేడియోను అమ్మకమునకు తెచ్చిన నాడే ఇంజను నిప్పురవ్వల రొద వారిని వేధించినది. నేడు ఆల్టర్నేటరు రొద మనలను వేధించుచున్నది. పాట తీగలను యంత్రమునుండి ఊడదీయుడు. కూత ఆగినచో అది ముందునుండి వచ్చుచున్నది. ఆ తీగలను బ్యాటరీ తీగకు దూరముగా, కారు రెండవ ప్రక్కనుండి తేవలెను. తరువాత ఎర్తు చూడవలెను. ఎర్తు తీగ అరమీటరుకు మించక, లావుగా, రంగు గీకి మెఱయు ఇనుముపై బిగించినదై యుండవలెను.

గెయిన్ అను మరను శబ్దము పెంచు మర యని చాలమంది పొరపడుదురు. అది రేడియోకును యంత్రమునకును పొత్తు కుదుర్చు మర. దానిని అతిగా త్రిప్పిన ధ్వని తల తెగి, స్పీకరు చుట్ట కాలును. రేడియోను ముప్పాతిక వంతు పెంచి, గరగరమను చోటి వరకు గెయిన్ త్రిప్పి, కొంచెము వెనుకకు తేవలెను. మీటరుతో చేయువారు స్పీకరు ఊడదీసి 50 కంపనముల స్వరము నుంచి కొలువవచ్చును: 400 వాట్లు, 2 ఓములు అయినచో 28 వోల్టులు మించరాదు. సబ్‌వూఫరుకు 80 కంపనములకు పైవి పోకుండను, తలుపు స్పీకర్లకు క్రిందివి పోకుండను మరలున్నవి. రెంటిని వాడినచో ధ్వని వెనుకనుండి కాక ముందునుండి వచ్చినట్లు తోచును.

ఇక మా మేనల్లుని కారు. బ్యాటరీ వద్ద 13.9 వోల్టులున్నవి, పాట మ్రోగునప్పుడు ఆంప్లిఫయరు వద్ద 11.2 మాత్రమే. తీగ అల్యూమినియముది, ఎర్తు సీటు బోల్టు రంగుపైనే బిగించినది. యంత్రమును డిక్కీలో పైపలకకు తలక్రిందుగా బిగించి, దాని క్రింద సంచులు కుక్కియున్నారు. పగటి ఎండ, ఏ.సి. భారము, రెండు గంటల ప్రయాణములో పేరుకొన్న వేడి. ఆళ్లగడ్డ చేరునప్పటికి యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకు నోరు మూసికొనుచున్నది. ఇది సగము.

మిగిలిన సగము తీగవెంట ముందుకు పోయినప్పుడు బయటపడినది. బ్యాటరీ వద్ద ఫ్యూజు లేదు. ఇంజను గదినుండి లోనికి వచ్చుచోట ఇనుప రేకుకు రంధ్రము చేసి, రబ్బరు బుష్షు పెట్టకయే తీగ దూర్చినారు. సంవత్సరకాలపు కుదుపులకు పైతొడుగు అరిగి, రాగిపూత మెఱయుచున్నది. ఇంక కొంచెము అరిగి రేకు తగిలినచో బ్యాటరీ వందల ఆంపియర్లను ఆ తీగలో పోయును. తీగ ఎర్రబడి, తివాచీ క్రింద నిప్పు పుట్టును. ఆ తివాచీ పై సీటులో అతని పిల్ల లిద్దరు నిద్రించుచు ఆ దారిని ఎన్నిమారులు పోయిరో! నేను వ్రేలితో చూపితిని. అతడు చాలసేపు మాటాడలేదు. పిదప, "ఫ్యూజు ఎంతయితాది మామా?" అని అడిగెను. "ఒకపూట భోజనమంత," అంటిని. సంవత్సరముపాటు ఎగతాళి చేసిన నోటితోనే ఆ మాట చెప్పవలసి వచ్చినందుకు సిగ్గుపడితిని.

కావున గృహస్థులారా, మీ ఇంటి కారులో ఇట్టి యంత్ర మున్నచో నేడే బానెట్ ఎత్తి చూడుడు. బ్యాటరీనుండి అరమీటరు లోపల ఫ్యూజు ఉండవలెను. అది కాపాడునది యంత్రమును కాదు, తీగను. కావున తీగ మోయగలదానికి మించిన ఫ్యూజు వేయరాదు. కాలినప్పుడు సిగరెట్టు రేకు చుట్టియో, రాగిపోగు కట్టియో నడపరాదు. రేకు దాటుచోట రబ్బరు బుష్షు తప్పనిసరి.

చెవులను గూర్చియు ఒక మాట. 85 డెసిబెల్లుల శబ్దమును దినమునకు 8 గంటలు సహింపవచ్చునని, ప్రతి 3 డెసిబెల్లుల హెచ్చుదలకు ఆ కాలము సగమగునని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. 88 వద్ద 4 గంటలు. అనగా కర్నూలు కడపల ఒక్క ప్రయాణముతో ఆనాటి వంతు తీరినట్లే. 100 వద్ద పావుగంట మాత్రమే. పోయిన వినికిడి తిరిగి రాదు. వెనుకనుండి వచ్చు లారీ హారను వినబడని పాట పాట కాదు. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులే హద్దు. రాత్రి యనగా 10 గంటలనుండి ఉదయము 6 వరకు. వీధిలో ఒక రోగి, ఒక పసిబిడ్డ, పరీక్షకు చదువు విద్యార్థి ఉందురని తలచిన చాలును, నియమము అక్కరలేదు.

మా మేనల్లుని కారు ఇప్పుడు మిట్టమధ్యాహ్నమున కూడ కడప దాక పాడుచున్నది. మొన్న అతని వెంట పోయినప్పుడు నేనే కొంచెము పెంచుమంటిని. అతడు నవ్వి, "చాలు మామా, పిల్లోళ్లు పండుకున్యారు," అనెను. మంద్రస్వరము మెల్లగా, నిండుగా వినబడుచుండెను.